నిద్రలేమి

భారతోద్యోగపర్వమున ధృతరాష్ట్రుఁడు నిద్రపట్టక రాత్రివేళ విదురుని పిలిపించుకొనిన కథ సోదరీమణు లెఱిఁగినదే. రాజునకు విదురుఁడు దొరకెను. మన యిండ్లలో తెల్లవార్లు మేల్కొనియుండు గృహిణి తన బాధ నెవ్వరితోఁ జెప్పుకొనును?

చరకుఁడు దేహమునకు నిద్ర నొక యాధారముగాఁ జెప్పెను. పెద్దలకు దినమునకు 7 గంటలైనను నిద్ర వలయునని నేఁటి వైద్యు లందురు. వారమునకు 3 రాత్రులైనను, 3 నెలలపాటు నిద్ర చెడినచో నది దీర్ఘరోగమే. పురుషులకంటె స్త్రీలకే యీ బాధ హెచ్చు. ముట్లుడిగెడు వయస్సున మఱింత హెచ్చు. ఉపేక్షించినచో మఱపు, విసుగు కలుగును. రక్తపుపోటు, మధుమేహము, మనోవ్యాకులత కలుగు నవకాశ మధికమగును.

తొలుత నిద్రను చెఱచునది చింత. చింత తీఱినను అలవాటు మిగులును. నిద్ర చాలలేదని పెందలకడ పక్కఁజేరుట, ప్రొద్దెక్కువఱకు పరుండుట దాని నింకను బలపఱచును. పక్క చూడఁగానే మనస్సు మేల్కొన నేర్చును. కావున 20 నిమిషములకు నిద్ర రానిచో లేచి, మందమైన వెలుతురున నేదేని చదువుకొని, కునుకు వచ్చినప్పుడే మరలఁ బరుండవలెను. రాత్రి యెట్లు గడచినను ఉదయ మొకేవేళకు లేవవలెను. కాఫీలోని సత్త్వము సగము తగ్గుటకే సుమారు 5 గంటలు పట్టును. మధ్యాహ్నము దాఁటినపిదప మానుట మేలు. వైద్యుని యనుజ్ఞ లేక నిద్రమాత్రలు మ్రింగరాదు. ఈ నియమములతోఁ గుదురుపడనిచో వైద్యునికిఁ జెప్పుటకు సిగ్గుపడరాదు.

మేము కోరున దొక్కటే: ఇంటిల్లిపాదిని నిద్రపుచ్చు తల్లిని, “రాత్రి నిద్రపట్టినదా?” యని యడుగువా రొక్కరైన నుండవలెను.