పక్కింట్లో కేక ముందు.. మీ ఫోన్లో గోల్ తర్వాత!

నాకౌట్ మ్యాచ్. స్కోరు సమం. నలుగురు ఒకే ఫోన్ మీద వంగి చూస్తున్నారు. మీ తెర మీద బంతి ఇంకా మధ్యగీత కూడా దాటలేదు. అంతలో రెండిళ్ల అవతల, డిష్ ఉన్న ఇంట్లోంచి ‘కొట్టిండు రా!’ అని కేక. ఇక మీకు చూడ్డానికి ఏం మిగిలింది? ఇరవై సెకన్ల తర్వాత వచ్చే ఆ గోల్ చల్లారిన చాయ్ లెక్క ఉంటది.

యాలాల్‌లోనైనా, తాండూరులోనైనా, హైదరాబాద్ హాస్టల్ గదిలోనైనా ఫోన్లో ఫుట్‌బాల్ చూసే వాళ్లందరికీ ఇది తెలిసిన బాధే. మనం టవర్‌ను తిట్టుకుంటాం. టవర్ పాత్ర కొంతే. మిగతాది ఎక్కడో కూర్చున్న ఇంజినీర్లు ఆలోచించి తీసుకున్న నిర్ణయం. ఆ ఇంజినీర్లలో మీరూ ఒకరు కావచ్చు కాబట్టి, అసలేం జరుగుతుందో చూద్దాం.

2022 డిసెంబర్ 18, ఆదివారం రాత్రిని గుర్తు చేసుకోండి. మన దగ్గర కందిచేలు కోతకొచ్చే రోజులు. ఖతార్‌లోని లుసైల్ స్టేడియంలో అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్. మనకు ఎనిమిదిన్నరకు మొదలైంది. 79 నిమిషాల దాకా అర్జెంటీనా 2-0 ఆధిక్యం. మెస్సీ అభిమానులు స్టేటస్‌లు పెట్టేసుకున్నారు, కొందరైతే పడుకునేందుకు లేచారు కూడా. అప్పుడు ఎంబాపే 97 సెకన్ల వ్యవధిలో రెండు గోల్స్ కొట్టాడు. మీ ఫోన్ టీవీకన్నా 35 సెకన్లు వెనకుందనుకోండి, మొదటి గోల్ చూసి మీరు ‘పర్లేదులే, ఇంకొకటి ఉంది మనకు’ అని సర్దిచెప్పుకుని నిమిషం గడిచిందో లేదో, పక్కింట్లో మళ్లీ గోల. ఏమైందో తెలీదు. ఏదో అయిందని మాత్రం తెలుసు. ఆ అరనిమిషం నరకం.

ఎక్స్‌ట్రా టైమ్‌లో అర్జెంటీనాకు మూడో గోల్ మెస్సీ కొట్టడం, ఎంబాపే పెనాల్టీతో 3-3 చేయడం, ఆఖరి క్షణాల్లో కోలో మువానీ షాట్‌ను ఎమిలియానో మార్టినెజ్ కాలు చాచి ఆపడం.. చివరికి షూటౌట్‌లో 4-2. వీటన్నిటినీ కొందరు రెండేసిసార్లు అనుభవించారు. ఒకసారి చెవితో, ఒకసారి కంటితో.

మరి ఈ ఆలస్యం ఎందుకు? డిష్ టీవీకి సిగ్నల్ వచ్చేది దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి. అంత దూరం పైకెళ్లి కిందికి రావడానికి పట్టేది పావు సెకను. వీడియోను కుదించడం, ఛానల్ వాళ్ల గ్రాఫిక్స్ లాంటివి కలిపినా కొన్ని సెకన్లే.

ఫోన్ కథ వేరు. ఇక్కడ వీడియో ఏకధాటిగా రాదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఎక్కువ యాప్‌లు వాడే హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో ఒక్కో ముక్క నిడివి మామూలుగా ఆరు సెకన్లు. యాలాల్ నుంచి తాండూరుకు పోయే షేర్ ఆటోను చూశారు కదా, సీట్లు నిండేదాకా కదలదు. ఇదీ అంతే. ముక్క నిండాలి, అది నాలుగైదు నాణ్యతల్లో తయారవ్వాలి, హైదరాబాద్, ముంబై లాంటి నగరాల్లోని సీడీఎన్ సర్వర్లకు చేరాలి, అక్కణ్నుంచి మీ ఫోన్‌కు రావాలి. వచ్చాక కూడా ప్లేయర్ వెంటనే చూపించదు. మధ్యలో ఆగిపోకూడదని మూడు ముక్కల దాకా దగ్గర పెట్టుకుంటుంది. అంటే అక్కడే పద్దెనిమిది సెకన్లు పోయాయి.

ముక్కను రెండు సెకన్లకు తగ్గిస్తే? ఆలస్యం తగ్గుతుంది, చేతిలో నిల్వ కూడా తగ్గుతుంది. సిగ్నల్ ఒక్క క్షణం జారితే చాలు, తెర మీద చక్రం తిరుగుతుంది. తక్కువ ఆలస్యంతో పనిచేసే కొత్త హెచ్‌ఎల్‌ఎస్‌ను ఆపిల్ 2019లో ప్రకటించింది. అయినా కోట్లమంది ఒకేసారి చూసే మ్యాచ్‌కు, బలహీనమైన నెట్‌వర్క్‌లకు దాన్ని నిలకడగా అందించడం ఇప్పటికీ తేలికైన పని కాదు. నన్నడిగితే, షూటౌట్‌లో ఐదో పెనాల్టీ దగ్గర చక్రం తిరగడం కన్నా అర నిమిషం లేటే మేలు. మీరు ఒప్పుకోకపోవచ్చు. వీడియో ఇంజినీర్ల మీటింగుల్లో జరిగే వాదన కూడా ఇదే.

ఈ ఆలస్యానికి ఇంకో ముఖం ఉంది. అది నవ్వుకునేది కాదు. మ్యాచ్ నడుస్తుండగానే ‘తర్వాతి గోల్ ఎవరిది’ అని పందెం పెట్టించే యాప్‌లు మన కుర్రాళ్ల ఫోన్లలోకి దూరాయి. ఒక్కసారి లెక్క వేసి చూడండి. మీరు చూస్తున్నది అర నిమిషం కిందటి ఆట. అవతలి వైపు రేటు మార్చేవాడి దగ్గర స్టేడియం నుంచి నేరుగా వచ్చే డేటా ఉంటుంది. వాడికి తెలిసిపోయిన సంగతి మీద మీరు అంచనా కడుతున్నారు. పేకముక్కలు తిప్పి చూపించి ఆడినట్టే కదా ఇది! తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్ పందేలు నేరం. 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం సంగతి పక్కనపెట్టినా, సిగ్నల్స్ సబ్జెక్టు చదివినవాడు ఆ పందెం కాయడు.

ఇక మైదానంలోకి వద్దాం. 2022 ప్రపంచకప్‌లో ఆఫ్‌సైడ్ పట్టడానికి స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు పెట్టారు. ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 దాకా బిందువులను సెకనుకు 50 సార్లు గుర్తించాయవి. బంతి లోపల సెన్సర్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపింది. ఫైనల్లో మెస్సీ కొట్టిన అర్జెంటీనా మూడో గోల్‌ను డిఫెండర్ కౌండే గీత లోపలి నుంచి బయటికి తన్నేశాడు. మామూలు కంటికి అనుమానమే. బంతి గీత దాటిందో లేదో గోల్‌లైన్ టెక్నాలజీ ఒక్క సెకనులోపు రిఫరీ చేతి గడియారానికి చెప్పేస్తుంది. కంప్యూటర్ విజన్, ఎంబెడెడ్ సిస్టమ్స్.. మనం ల్యాబ్ రికార్డులో కాపీ కొట్టి వదిలేసిన సబ్జెక్టులే ఇవన్నీ.

మెస్సీ గురించి గంటలు మాట్లాడే మనకు ఒక హైదరాబాదీ పేరు తెలియకపోవడం మాత్రం నాకు కాస్త కష్టంగా ఉంటుంది. ‘మైదాన్’ సినిమా వచ్చాక కొందరికి తెలిసింది. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. బడిలో పాఠాలు చెప్పి, తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, భారత జట్టుకు కోచ్ అయ్యారు. 1962 సెప్టెంబర్ 4, జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా, తొలి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. స్టేడియం నిండా లక్షమంది, రాజకీయ గొడవల వల్ల మనవాళ్లను గేలి చేస్తున్న జనం. తలకు కుట్లతో జర్నైల్ సింగ్ ఫార్వర్డ్‌గా ఆడి గోల్ కొట్టాడు. అంతకుముందే పీకే బెనర్జీ ఒకటి కొట్టాడు. 85వ నిమిషంలో కొరియా ఒకటి తిరిగిచ్చింది. చివరి ఐదు నిమిషాలు ఎలా గడిచాయో ఊహించుకోండి. 2-1తో స్వర్ణం మనది. ఆ జట్టులో బలరామ్, యూసుఫ్ ఖాన్, గోల్‌కీపర్ తంగరాజ్ హైదరాబాద్‌తో ముడిపడినవారే. రహీం అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్నారు. 1963 జూన్‌లో చనిపోయారు. హైదరాబాద్‌లో అప్పటికింకా టీవీయే లేదు. ఆ గెలుపు కబురు రేడియోలోనో, మర్నాటి పేపర్లోనో అందుకున్న జనానికి అర నిమిషం ఆలస్యం ఒక లెక్కా?

ఇప్పుడు మీ పని. ఈ రంగంలోకి రావాలంటే పెద్ద కాలేజీ ముద్ర కన్నా చేసి చూపించిన ప్రాజెక్ట్ ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. డేటా మీద ఆసక్తి ఉంటే స్టాట్స్‌బాంబ్ సంస్థ 2022 ప్రపంచకప్ మ్యాచ్‌ల డేటాను ఉచితంగా ఇస్తోంది. పైథాన్ వస్తే ఆ ఫైనల్‌లో ప్రతి షాట్‌నూ మీరే గీసి చూడొచ్చు. వీడియో వైపు వెళ్లాలనుకుంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, ఓబీఎస్ రెండూ ఉచితమే. లాప్‌టాప్ తెర మీద సెకన్ల గడియారం నడిపి, దాన్నే లైవ్‌గా ఫోన్‌కు పంపండి. రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి. తేడా ఎన్ని సెకన్లో రాసుకోండి. ముక్క నిడివిని ఆరు నుంచి నాలుగుకు, నాలుగు నుంచి రెండుకు తగ్గిస్తూ అదే పని మళ్లీ చేయండి. ఇంట్లో వైఫై మీద ఒకసారి, కాగ్నా ఒడ్డుకెళ్లి ఒక్క గీత సిగ్నల్ మీద ఒకసారి. ఏ నిడివి దగ్గర వీడియో ఆగడం మొదలైందో ఆ అంకెలన్నీ ఒక పట్టికలో పెట్టి, ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.