ఇంటి కంప్యూటరు - తాళపుచెవుల లెక్క

నేడు విద్యార్థి వేతనమునకు దరఖాస్తు పెట్టవలెనన్నను, పరీక్షాఫలితము చూడవలెనన్నను, బ్యాంకు లెక్క తెలిసికొనవలెనన్నను కంప్యూటరు రెండు మాటలు అడుగుచున్నది. మొదటిది యూజర్‌నేము, అది మనమెవరమో చెప్పును. రెండవది పాస్‌వర్డు, అది మనము చెప్పినది నిజమని రుజువు చేయును. ఇట్టి జంటలు ప్రతి యింటను నానాటికి పెరుగుచున్నవి. వీనిని భద్రపరచు విధమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

కంప్యూటరునకు పాస్‌వర్డు వచ్చి అరువది యేండ్లు దాటినది. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఫెర్నాండో కోర్బాటో బృందము ఒకే యంత్రమును పలువురు పంచుకొను పద్ధతిని నిర్మించినది. ఎవరి పని వారికే దక్కుటకై ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డు నిచ్చిరి. 1962లో అలన్ షెర్ అను పరిశోధకుడు ఆ పాస్‌వర్డుల జాబితా నంతటిని అచ్చువేయించుకొని, ఇతరుల పేర యంత్రమును వాడుకొనెను. తాళముతోపాటే మారుతాళమును పుట్టినదన్నమాట.

జ్ఞాపకము పెట్టుకొనలేక పెక్కుమంది అన్ని చోట్లను ఒకే పాస్‌వర్డు వాడుదురు. ఇందలి అపాయ మేమి? 2009లో రాక్‌యూ అను సంస్థనుండి 3 కోట్ల 20 లక్షలకు పైగా పాస్‌వర్డులు దొంగల పాలైనవి. వానిలో అన్నిటికంటె ఎక్కువమంది పెట్టుకొన్నది 123456. ఇట్లు ఒకచోట దొరికిన జంటను దొంగలు ఈ-మెయిలు, బ్యాంకు మొదలగు ఇతర స్థలములలో యంత్రముచేత ప్రయత్నింపజేయుదురు. వీధి గుమ్మమునకును, ఇనుప పెట్టెకును ఒకే తాళపుచెవి యుండరాదు.

అన్నిటిలో ముఖ్యమైనవి ఈ-మెయిలు, ఫోను నంబరు. ఏ పాస్‌వర్డు మరచినను క్రొత్తది పొందు మార్గము సాధారణముగా ఈ రెంటిలో నొకదానికే వచ్చును. మన ప్రాంతమున ఈ విషయము మరింత గమనింపదగినది. తలిదండ్రులకు తెలిసినది తెలుగు. దరఖాస్తు ఉండునది ఇంగ్లీషులోనో, రాష్ట్రభాషలోనో. కావున నెట్ సెంటరువారిచేత నింపింతురు. వారు తొందరలో తమ ఫోను నంబరే వ్రాసి, తమకు తోచిన పాస్‌వర్డు పెట్టినచో, మరుసటి యేడు విద్యార్థి వేతనమును పునరుద్ధరించు వేళకు తాళపుచెవి మన చేత నుండదు. ఎవరు నింపినను నంబరు మన యింటిదే కావలెను. ఆ నంబరు మారినపుడు ప్రతిచోటను వెంటనే మార్పించుకొనవలెను.

పేరునందును చిక్కు కలదు. ఇంటిపేరు ముందు వ్రాయుట మన ఆచారము. తండ్రిపేరు తొలి అక్షరము వ్రాయుట తమిళనాటి వాడుక. ఒకే విద్యార్థి పేరు ఒక్కొక్క కాగితమున ఒక్కొక్క రీతిగా నుండును. కావున యూజర్‌నేమును ఎక్కడ ఎట్లు పెట్టితిమో అక్షరము పొల్లుపోక వ్రాసి యుంచుకొనవలెను.

పాస్‌వర్డునకు బలము దాని పొడవు. ఇంగ్లీషు అక్షరములు 26. వానితో 8 అక్షరముల కూర్పులు సుమారు 20,883 కోట్లు. ఇది మనకు పెద్ద సంఖ్యయే గాని, వేగముగల యంత్రమునకు కాదు. మరి 4 అక్షరములు చేర్చినచో ఆ సంఖ్య 4,56,976 రెట్లగును. పేరు, ఊరు, పుట్టినతేది తగవు. సామెతయు, పద్యపాదమును తగవు; ఏలయన అవి పదుగురికి తెలిసినవి. నిఘంటువును కన్నులు మూసికొని తెరచి, పొంతనలేని నాలుగైదు తెలుగు మాటలను ఏరి, ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనుట మేలు. రోకలి, మబ్బు, గిలక, జీలకర్ర - ఇట్టి వరుస మనకు గుర్తుండును, ఇతరులకు తట్టదు. అచ్చైన ఈ వరుసను మాత్రము ఎవరును వాడుకొనరాదు.

వీనిని దాచుటకు రెండు మార్గములు కలవు. మొదటిది చిన్న పుస్తకము. దూరమునుండు దొంగ కాగితమును చదువలేడు. కాని దానిని బీరువాలో తాళమువేసి యుంచవలెను, కంప్యూటరునకు అంటింపరాదు. రెండవది పాస్‌వర్డు మేనేజరు. 2003 నుండి ఉచితముగా లభించు కీపాస్ ఇట్టిది. ఇది అన్నిటిని గూఢలిపిగా మార్చి ఒకే ఫైలులో దాచును. దానిని తెరచు ప్రధాన పాస్‌వర్డు మరచినచో మరెవ్వరును తెరువలేరు. కావున దానిని కాగితముపై వ్రాసి ఇంటి పత్రములతో నుంచవలెను. ఆ ఫైలునకు ఒక నకలు వేరొకచోట దాచవలెను.

ఇంటి కంప్యూటరును నలుగురు వాడుదురేని నలుగురికిని వేరువేరు ఖాతాలు తెరువవలెను. నెట్ సెంటరులో పాస్‌వర్డును యంత్రమునందు నిలువచేయరాదు; పని ముగియగానే ఖాతానుండి వెలుపలికి వచ్చితిమా లేదా చూచుకొనవలెను. ఫోనునకు వచ్చు ఓటీపీని, అడుగువారు తెలుగులో ఎంత ఆప్యాయముగా మాటాడినను, చెప్పరాదు. ఊరక నెలనెలా పాస్‌వర్డు మార్చనక్కరలేదని 2017లో అమెరికా ప్రమాణముల సంస్థయు సూచించినది. అనుమానము కలిగిన క్షణముననే మార్చవలెను.

విద్యార్థులారా! పొలము పట్టాను, ఇంటి దస్తావేజును మన పెద్దలు పరులచేత నుంచలేదు. ఈ తాళపుచెవులును అట్టివే. వచ్చు ఆదివారము తలిదండ్రులతో కూర్చుండి, స్థలము, యూజర్‌నేము, ఇచ్చిన ఫోను నంబరు అను మూడు గడులతో ఒక పట్టిక వ్రాయుడు. శీర్షికలు తెలుగులో నుండినచో ఆ లెక్క అమ్మకును తెలియును, అవ్వకును తెలియును.