గర్భసంచి తొలగించకుండానే గడ్డలకు చికిత్స - ఎంబోలైజేషన్

(ప్రత్యేక వ్యాసం)

చిల్లకల్లు: హైదరాబాద్ - విజయవాడ జాతీయ రహదారిపై గల చిల్లకల్లు, జగ్గయ్యపేట, నందిగామ పరిసర మెట్ట గ్రామాలలో పత్తి, మిరప చేలలో శ్రమించే మహిళలకు నెలసరిలో అధిక రక్తస్రావమంటే కూలి పోవడమే కాదు, రక్తహీనత కూడా. ఇందుకు గల ముఖ్య కారణాలలో ఫైబ్రాయిడ్లు, అనగా గర్భసంచిలో పెరిగే కేన్సరు కాని గడ్డలు ఒకటి. వీటికి గర్భసంచి తొలగింపే శరణ్యమన్న అభిప్రాయం బలంగా ఉన్నది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళలలో గర్భసంచి తొలగింపు జరిగినవారు దేశంలో 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఈ నేపథ్యంలో ప్రత్యామ్నాయ చికిత్సలపై అవగాహన అవసరం.

చికిత్సా విధానం

గడ్డకు చేరే రక్తాన్ని నిలిపివేయడమే ఎంబోలైజేషన్. గజ్జ లేదా మణికట్టు వద్ద రక్తనాళంలోకి సన్నని గొట్టాన్ని పంపి, ఎక్స్‌రే తెరపై చూస్తూ, గర్భసంచికి రెండు వైపులా ఉన్న ధమనులకు చేరుస్తారు. ఇసుక రేణువుల వంటి సూక్ష్మ కణాలను వదలగా, గడ్డలకు రక్తం అందక కొన్ని నెలలలో అవి కుంచించుకుపోతాయి. పొట్టపై కోత, సాధారణంగా పూర్తి మత్తు అవసరముండవు. తొలి రోజున నొప్పి, తరువాత కొద్దిపాటి జ్వరం రావచ్చును. ఒకటి రెండు రోజులలో ఇంటికి, ఒకటి రెండు వారాలలో పనికి వెళ్లవచ్చును.

ఫైబ్రాయిడ్లకు ఈ పద్ధతి ఫలితాలను ఫ్రాన్స్ వైద్యులు 1995లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. నెదర్లాండ్స్‌లో 177 మంది మహిళలపై జరిగిన పరిశోధనలో, ఎంబోలైజేషన్ చేయించుకున్నవారిలో సుమారు మూడింట రెండు వంతుల మందికి పదేళ్ల తరువాత కూడా గర్భసంచి తొలగింపు అవసరం కలగలేదు. మిగిలినవారికి ఆ శస్త్రచికిత్స తప్పలేదన్నదీ గమనార్హము.

ఎవరికి తగదు

గర్భవతులకు, గర్భసంచిలో ఇన్ఫెక్షన్ లేదా కేన్సరు అనుమానం ఉన్నవారికి ఇది తగదు. మూత్రపిండాల జబ్బు, ఎక్స్‌రే మందు పడకపోవడం వంటివి ఉన్నవారి విషయంలో జాగ్రత్త వహించాలి. సంతానం కోరుకునేవారికి గడ్డను మాత్రమే తొలగించే శస్త్రచికిత్సను వైద్యులు సాధారణంగా ముందుగా పరిశీలిస్తారు. కొందరికి, ముఖ్యంగా 45 ఏళ్లు దాటినవారికి, నెలసరి ముందుగానే ఆగిపోవచ్చును. చిన్న గడ్డలు ఉండి బాధ లేనివారికి ఏ చికిత్సా అవసరముండకపోవచ్చును. కొందరికి మందులే సరిపోతాయి.

నిర్ణయానికి ముందు

అనవసరంగా గర్భసంచి తొలగించడాన్ని నివారించుటకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2022లో మార్గదర్శకాలు రూపొందించినది. వాటిని మూడు నెలలలో అమలు చేయవలసిందిగా 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించినది.

ఎంబోలైజేషన్‌కు క్యాథ్‌ల్యాబ్, శిక్షణ పొందిన ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు అవసరం గనుక ఇది పెద్ద ఆసుపత్రులలోనే సాధ్యం. మెట్ట గ్రామాల మహిళకు అది విజయవాడ లేదా హైదరాబాద్ ప్రయాణమే. అయితే స్కానింగ్ నివేదికతో రెండవ వైద్యుని అభిప్రాయం తీసుకుని, గర్భసంచి తొలగించకుండా మరో మార్గమున్నదా అని అడిగి తెలుసుకొనుట ప్రతి మహిళ హక్కు.