నాటకం వేస్తే చదువు చెడుతుందా?

పాఠశాల వార్షికోత్సవానికి పాటలూ, పద్యాలూ ఉన్న నాటకం వేద్దామనగానే, "పరీక్షలు దగ్గరపడుతుంటే ఈ వేషాలేమిటి?" అంటారు ఇంట్లో పెద్దలు. వారి భయం అర్థంలేనిది కాదు. అయితే పాడుతూ నటించే విద్యార్థి శరీరంలో, మెదడులో ఏం జరుగుతుందో తెలుసుకొని, ఆ తరవాత తీర్పు చెబుదాం.

మొదట ఊపిరి సంగతి. మామూలు మాటలకు కొద్దిపాటి గాలి చాలు. పద్యం చదివి, చివర రాగం తీయాలంటే చాలదు. ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే కండరం ఉదరవితానం. అది కిందికి దిగితే గాలి నిండుగా లోపలికి వస్తుంది. పొట్టమీద చేయి ఉంచి గాలి పీల్చి చూడండి. చేయి ముందుకు కదులుతుంది. ఆ గాలిని పొదుపుగా వదలడమే గాయకుని నేర్పు.

బయటికి వచ్చే గాలి స్వరపేటికలోని స్వరతంత్రులను కంపింపజేస్తుంది. మగపిల్లలకు సుమారు 12–15 ఏళ్ల మధ్య ఈ తంత్రులు పొడవుగా, మందంగా పెరుగుతాయి. అందువల్ల గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. అంటే సెకనుకు జరిగే కంపనాలు సుమారు సగమవుతాయన్నమాట! గొంతు మారడం జబ్బు కాదు. కాని పాత శ్రుతిలోనే పాడాలని గొంతు చించుకొంటే హాని జరుగుతుంది. "శ్రుతి తగ్గించండి, మాస్టారూ" అని హార్మోనియం వాయించేవారిని అడగడానికి సిగ్గుపడకండి.

ఇక జ్ఞాపకశక్తి. ఒక్కరోజే బట్టీపట్టడం కంటే, కొన్ని రోజుల ఎడంతో మళ్లీ మళ్లీ వల్లెవేస్తే నేర్చినది బాగా నిలుస్తుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హాస్ 1885లో చూపాడు. కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో సురభి నాటక సమాజం మొదలైందీ ఆ ఏడాదే. ఆ కుటుంబాల పిల్లలు పెద్దల పక్కన వేదికెక్కి, రోజూ వింటూ, అప్పజెబుతూ నేర్చుకొన్నారు. రిహార్సల్‌లో మీరు చేసేదీ అదే: పుస్తకం మూసి, గుర్తు తెచ్చుకొని చెప్పడం. భౌతికశాస్త్ర పాఠాన్ని కూడా ఇలా చదివి చూడండి.

తెర లేవగానే గుండె దడదడలాడుతుంది, నోరెండిపోతుంది. మూత్రపిండాలపై ఉండే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదలడమే ఇందుకు ముఖ్యకారణం. పరీక్ష హాలులో కలిగే దడ కూడా ఇదే. గాలిని నిదానంగా వదిలితే గుండె వేగం కొంత తగ్గుతుంది. వేదికమీద ఈ సంగతి తెలుసుకొన్నవారికి ప్రశ్నపత్రం ముందు ఆ దడ కొత్తగా అనిపించదు.

పాట రానివారికీ పని ఉంది. తెర లాగేవాడు ఒక్క క్షణం తొందరపడితే రాగం మధ్యలోనే తెర పడుతుంది! అందుకే అతడూ పాటను చివరిదాకా శ్రద్ధగా వినాలి.

నాటకం ఆడినంత మాత్రాన మార్కులు వాటంతటవే రావు. పాఠాలు చదవవలసిందే. రిహార్సల్‌కు రోజుకొక గంట కేటాయించి, మిగతా వేళ చదువుకొంటామని పెద్దలకు చెప్పండి. చెప్పినట్లు చేసి చూపించండి.