మీకు తెలుసా? బెంచీ మీద అవ్వ

జింబాబ్వే రాజధాని హరారేలో డిప్రెషన్‌తో బాధపడేవారి గోడు వినడానికి క్లినిక్ బయట బెంచీ మీద డాక్టరు కాదు, శిక్షణ పొందిన ఓ అవ్వ కూర్చుంటుంది!

దేశంలో మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. వారిలో ఒకరైన డిక్సన్ చిబాండా 2006లో ఎంబారే ప్రాంతంలో 14 మంది అవ్వలతో ఈ ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’ మొదలుపెట్టారు. లోపల గది దొరకలేదు, అందుకే ఆరుబయట బెంచీ. ‘ధైర్యంగా ఉండు తల్లీ’ అని వీపు నిమిరి పంపేయడం కాదిది. (ఆ పని చేయడానికి మన చుట్టాలు చాలు!) ముందు 14 ప్రశ్నలు అడుగుతారు. తర్వాత, మనసును తొలిచేస్తున్న కష్టాల్లోంచి ఒక్కదాన్ని ఎంచుకోమంటారు. దానికి తాను చేయగల చిన్న పనేమిటో వచ్చినవారే తేల్చుకోవాలి. చేసొచ్చాక మళ్లీ కూర్చోవాలి. ఇలా ఆరు విడతలు. ఆ పైన కావాలంటే, తోటివారితో కలిసి పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లే బృందంలో చేరవచ్చు.

మరి ఫలితం? 24 క్లినిక్‌లలో 573 మందిపై జరిపిన పరీక్ష 2016లో వైద్య పత్రిక ‘జామా’లో వచ్చింది. ఆరు నెలల తర్వాత, మామూలు వైద్యసేవ అందుకున్నవారిలో దాదాపు 50 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు ఉండగా, బెంచీ మీద కూర్చున్నవారిలో 14 శాతం మందికే ఉన్నాయి.

ఆత్మహత్య ఆలోచనలు కనిపిస్తే మాత్రం అవ్వలు తమ దగ్గరే ఉంచుకోరు, వెంటనే పైవారికి పంపిస్తారు. మన దేశంలో అలాంటప్పుడు టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, రాత్రీపగలూ ఉచితం.