అటక మీది ల్యాప్‌టాప్‌లో నాన్న ఫైలు

ఈ సంక్రాంతికి బ్రాడీపేటలో మా ఇంటికి వెళ్తే, అమ్మ అటక మీంచి ఓ నల్ల బ్యాగు దించింది. లోపల నా ఇంజినీరింగ్ నాటి ల్యాప్‌టాప్. 2015లో కొన్నది. నాకు ఉద్యోగం వచ్చాక నాన్న వాడుకున్నారు. ఆయన డీటీపీ ఆపరేటర్. పెళ్లికార్డులు, కరపత్రాలు టైప్ చేసేవారు. 2021లో కరోనాతో ఆయన పోయాక అది అటకెక్కింది.

‘‘మీ నాన్న రాత్రిళ్లు కూర్చుని ఉప్పెన గురించి ఏదో రాసుకునేవారురా. ఇందులోనే ఉంటుంది, చూడు’’ అంది అమ్మ.

1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన. నాన్నది రేపల్లె వైపు ఊరు. అప్పటికి ఆయనకి పదకొండేళ్లు. మాకెప్పుడూ దాని గురించి రెండు ముక్కలకి మించి చెప్పలేదు.

ఛార్జర్ పెట్టి బటన్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. దగ్గర్లోని ఓ రిపేరు షాపులో ‘‘బోర్డు పోయుంటుందన్నా, కొత్తది తీసుకో’’ అన్నారు. విప్పి కూడా చూడలేదు. నేను రాసేది సాఫ్ట్‌వేరే అయినా, ఓ స్క్రూడ్రైవర్ తీసుకుని కూర్చున్నా.

బ్యాటరీ ఉబ్బి ఉంది. మీ దానిలోనూ అలా ఉంటే వెంటనే తీసి పక్కన పెట్టండి. పొడవొద్దు, నొక్కొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. బ్యాటరీ బయటకి వచ్చే పాత మోడళ్లు చాలావరకు ఛార్జర్ మీదే నడుస్తాయి. తర్వాత ర్యామ్ తీసి, దాని బంగారు రంగు గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ పెట్టా. అంతే, లోగో వచ్చింది! ఏళ్ల తరబడి వాడకపోతే అక్కడ తుప్పులాంటి పొర పడుతుంది. చాలాసార్లు ‘చచ్చిన బోర్డు’ రోగం ఇదే.

లోపలుండే రూపాయి బిళ్లంత సెల్ అయిపోవడంతో తేదీ వెనక్కి పోయింది. తేదీ తప్పైతే వెబ్‌సైట్లు సెక్యూరిటీ ఎర్రర్ ఇస్తాయి. సీఆర్2032 సెల్ కొత్తది వేశా.

విండోస్ 7 మాత్రం సగంలో ఆగిపోతోంది. ‘‘ఫార్మాట్ కొట్టెయ్ మామా’’ అన్నాడు ఫ్రెండు. కొడితే నాన్న రాసింది ఎక్కడికి పోతుంది? ఇలాంటప్పుడు హార్డ్‌డిస్క్ జోలికి పోకుండా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడపొచ్చు. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసి బూట్ చేశా. పాత డిస్కులోని ఫోల్డర్లన్నీ కనిపించాయి. ముందు నాన్న ఫోల్డర్ కాపీ చేశా, ఆ తర్వాతే ఫొటోలు. పాత డిస్కు ఎప్పుడు మొండికేస్తుందో చెప్పలేం కదా.

ఫైలు దొరికింది, పేరు ‘ఉప్పెన’. పేజ్‌మేకర్‌లో చేసింది. లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే తెలుగు లేదు! అన్నీ పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. అమ్మ ముఖం చూడలేకపోయా.

కాసేపటికి వెలిగింది. నాన్న వాడింది అను ఫాంట్లు. ఆ పాత ఫాంట్లు యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మల్ని కూర్చోబెడతాయి. ఫాంట్ లేకపోతే కింద ఉన్న ఇంగ్లిషే బయటపడుతుంది. మరి ఆ ఫాంట్? అదే డిస్కులో, విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోనే ఉంది. దాన్ని మింట్‌లోకి కాపీ చేసి మళ్లీ తెరిచా. తెలుగు!

పాత డిస్కు తీసి ఇప్పుడో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేశా. ల్యాప్‌టాప్ నత్తనడక తగ్గింది దీంతోనే. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో ఉచిత సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 ఇంత పాత ప్రాసెసర్‌ని ఒప్పుకోదు. అందుకే మింట్‌నే ఉంచేశా. 4 జీబీ ర్యామ్‌కి అది హాయిగా సరిపోయింది. అమ్మ అందులో యూట్యూబ్ చూస్తోంది.

ఫైలుని యూనికోడ్‌లోకి మారిస్తే వొత్తులు కొన్ని చెదిరాయి. అమ్మ పాత పేజీ చూసి చదువుతుంటే నేను ఫోన్లో దిద్దుతున్నా. మొత్తం పదకొండు పేజీలు. ఆఖరి పేజీ నాన్న తాటిచెట్టు ఎక్కుతున్న దగ్గర, వాక్యం మధ్యలోనే ఆగిపోయింది.

మిగతాది చెప్పమని అమ్మ రేపల్లెలో ఉన్న బాబాయికి ఫోన్ కలిపింది.