అరిగినట్టు పోసిన అక్షరం

1890ల్లో షికాగోలోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అనే టైపు ఫౌండ్రీ ఒక వింత టైపును అమ్మకానికి పెట్టింది. గీసినవాడు బెర్న్ నాడల్. పేరు 'ఫిఫ్టీన్త్ సెంచురీ'. అప్పుడే పోసిన సీసం తళతళలాడుతుంటే, దానితో అచ్చయిన అక్షరం మాత్రం నాలుగు తరాలు వాడిన కేసులోంచి తీసినట్టు అంచులు చిట్లి, గతుకులు పడి ఉండేది.

అసలు టైపు ఎలా అరుగుతుంది? అది సీసం, యాంటిమొనీ, తగరం కలిపిన లోహం. విడిగా సీసమైతే 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు. మూడూ తగు పాళ్ళలో కలిస్తే 240 దగ్గరే కరిగి మూసలో మూలమూలకూ పారుతుంది. యాంటిమొనీ వల్ల గట్టిదనం వస్తుంది గానీ, ఎంతైనా ఉక్కు కాదు కదా. వేల ప్రతులు నొక్కాక ముందు దెబ్బతినేవి సెరిఫ్‌లు, అంటే గీతల కొసన ఉండే సన్నని పాదాలు. టైపు చేయిజారితే చిట్లేవీ అవే. పైగా చేతి ప్రెస్సుల కాలంలో కాగితాన్ని తడిపి అచ్చు వేసేవారు. మెత్తబడ్డ కాగితంలోకి లోహం దిగగానే ఇంకు పక్కలకు పొంగి గీత లావెక్కేది. మంచి పనివాళ్ళు రాకుండా చూసుకోవాలని తంటాలు పడ్డ లోపాలివి. నాడల్ వాటినే ఏరికోరి గీశాడు. ఆ పనివాళ్ళ మీద గౌరవం లేనివాడు అంత ఓపికగా గీయలేడని నా నమ్మకం.

దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత ఫౌండ్రీ దీని పేరు 'కాస్లన్ యాంటిక్' అని మార్చింది. విలియం కాస్లన్ 18వ శతాబ్దపు లండన్‌లో పేరున్న టైపు పోతగాడు. 1776లో ఫిలడెల్ఫియాలో జాన్ డన్‌లప్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను అచ్చు వేసింది కాస్లన్ టైపులోనే. నాడల్ గీతలకూ కాస్లన్ గీతలకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా ఆ పేరే నిలిచింది. 'లే మిజరాబ్ల్' సంగీతనాటకం పోస్టర్ల మీద పేరు ఈ టైపులోనే ఉంటుంది.

ఇలా అరిగినట్టు పోసే టైపుకు చిక్కల్లా మూసతోనే. ఒకే మూసలోంచి వచ్చిన ప్రతి 'ఎస్'కూ గంటు అదే చోట పడుతుంది. నిజంగా అరిగిన టైపులో ఏ రెండు అక్షరాలూ ఒకేలా చిట్లవు. శీర్షికలో ఒక అక్షరం రెండుసార్లు వచ్చిందంటే చాలు, చూసే కన్ను పట్టేస్తుంది.

ఈ ముడిని 1989–90 ప్రాంతంలో డచ్ డిజైనర్లు ఎరిక్ వాన్ బ్లాక్‌లాండ్, యూస్ట్ వాన్ రోసుమ్ భలేగా విప్పారు. వాళ్ళ 'బేవోల్ఫ్' ఫాంటులో అక్షరం రూపురేఖ ముందే ఖరారై ఉండేది కాదు. అచ్చయ్యే ప్రతిసారీ దాని అంచు బిందువులను ప్రోగ్రాం తోచినట్టు కాస్త జరిపేది, అంచేత ఏ అక్షరమూ మళ్ళీ అలాగే వచ్చేది కాదు. ఇప్పటి ఓపెన్‌టైప్ ఫాంట్లు తేలిక దారి పట్టాయి. ఒక్కో అక్షరానికి రెండు మూడు చిట్లిన రూపాలు దాచుకుని, అదే అక్షరం దగ్గర్లో మళ్ళీ వస్తే రూపం మారుస్తాయి. శీర్షికకు అది సరిపోతుంది. లోపలి పేజీలకు మాత్రం వీటిని తేవద్దు. పదకొండు పాయింట్ల సైజులో ఆ గంటు మరకలా కనిపించి కళ్ళను విసిగిస్తుంది.